కర్రపెండలం: కన్ను లేని వేరు

సగ్గుబియ్యం లేని తెలుగు వంటిల్లు అరుదు. ఉపవాసానికి, వేసవి వడియాలకు, పండక్కి పాయసానికి అదే. ఆ గింజలు ఏ చెట్టుకు కాస్తాయని అడిగితే మాత్రం పెద్దాపురం, జగ్గంపేట, రంగంపేట వైపు వాళ్లు తప్ప చాలామంది తడుముకుంటారు. అది గింజే కాదు. కర్రపెండలం వేరులోంచి తీసిన పిండిని ఉండలు కట్టి, వేడి చేసి, ఎండబెడితే వచ్చేది.

ఈ మొక్క విషయంలో రెండు సంగతులు పట్టుకుంటే మిగతావన్నీ వాటి వెంటే వస్తాయి. ఒకటి, దీని దుంపకు మొలకెత్తే కన్ను ఉండదు. రెండు, దీని ఒంట్లో ఒక విషపు సరుకు, దాన్ని విడగొట్టే ఎంజైము పక్కపక్కనే వేర్వేరు గదుల్లో ఉంటాయి. ఎలా నాటాలి, తవ్వాక ఎందుకంత తొందర, ఎలా వండాలి అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఈ రెండింటిలోనే ఉంది.

ముందు పేరు. పెండలం తీగకు ఊరే దుంప. కర్రపెండలానికి దానితో చుట్టరికం లేదు. తీగకు బదులు నిలువునా కర్ర ఉంటుంది కాబట్టి ఆ పేరు. అసలు చుట్టాలు ఆముదం, రబ్బరు. ఆముదం చెట్టును ఎరిగినవాళ్లకు కర్రపెండలం సగం తెలిసినట్టే. ఆకు అరచేయిలా చీలి ఉంటుంది, కాయలో మూడు గదులు, గదికొక గింజ, గింజ మొనన చిన్న కండ బుడిపె. మచ్చల గింజను ఆముదం గింజ పక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. తేడా పాలలో తెలుస్తుంది. కర్రపెండలం ఆకు తుంచితే తెల్లటి పాలు కారతాయి, ఆముదానికి అలా కారవు.

శాస్త్రవేత్తలు ఈ ప్రజాతిని మానిహాట్ అంటారు. ఇందులో సుమారు 100 జాతులున్నాయి. అన్నీ అమెరికా ఖండాలవే. ఉత్తరాన అరిజోనా, టెక్సాస్ నుంచి దక్షిణాన అర్జెంటీనా దాకా పరుచుకుని ఉన్నాయి, ఎక్కువ జాతులున్నది బ్రెజిల్‌లో. మనం తినేది మానిహాట్ ఎస్కులెంటా ఒక్కటే. అమెజాన్ అడవుల నైరుతి అంచున ఇప్పటికీ పెరిగే ఫ్లాబెల్లిఫోలియా అనే అడవి రకం నుంచి అక్కడి ఆదివాసులు దీన్ని పంటగా మలిచారని జన్యు పరీక్షలు చెబుతున్నాయి. అక్కడి నుంచి పోర్చుగీసు ఓడల్లో ఆఫ్రికాకు వెళ్లింది. మన దేశంలో దీనికి ఊతం దొరికింది నేటి కేరళ దక్షిణాన ఉన్న తిరువాన్కూరు సంస్థానంలో. 1880 నుంచి 1885 దాకా ఏలిన విశాఖం తిరునాళ్ మహారాజు పట్టుబట్టి సాగు చేయించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా బియ్యం ఆగిపోయినప్పుడు అక్కడి జనానికి కడుపు నింపిన పంట ఇదే.

అడవి జాతులను పనికిరానివిగా చూడకూడదు. ఈ ప్రజాతి మొక్కల్లో సాధారణంగా 36 క్రోమోజోములే ఉంటాయి, అందుకే పంట రకంతో అడవి రకాన్ని సంకరం చేయడం వీలవుతుంది. మానిహాట్ గ్లాజియోవీ అనే చెట్టును ఒకప్పుడు రబ్బరు కోసం పెంచేవారు, సియారా రబ్బరు అని పిలిచేవారు. 1930లలో టాంగన్యికా (నేటి టాంజానియా)లోని అమానీ పరిశోధన కేంద్రంలో దాన్ని కర్రపెండలంతో కలిపి మొజాయిక్ తెగులును తట్టుకునే మొక్కలు తీశారు. ఆఫ్రికాలో తర్వాత వచ్చిన ఎన్నో మేలు రకాల్లో ఆ రక్తం ఉంది. ఇండోనేషియా జావా దీవిలో ముకిబాత్ అనే రైతు ఇంకో దారి పట్టాడు. కింద కర్రపెండలం మొదలు ఉంచి, దాని మీద ఈ రబ్బరు చెట్టు కొమ్మను అంటుకట్టాడు. పైన గుబురు ఆకు, కింద పెద్ద దుంప. ఆ పద్ధతి అతని పేరుతోనే నిలిచింది.

మొక్క రెండు నుంచి మూడు మీటర్లు పెరుగుతుంది. కర్ర నిండా ఆకు రాలిన బుడిపె మచ్చలు, లోపల తెల్లటి మెత్తని బెండు. ఆకుకు మూడు నుంచి తొమ్మిది తమ్మెలు, అంటే చీలికలు. పూత వచ్చినప్పుడు కొన మొగ్గ పువ్వుగా మారిపోతుంది కనుక కర్ర అక్కడ రెండు మూడు కొమ్మలుగా చీలుతుంది. కొమ్మలు ఎన్నిసార్లు చీలాయో చూస్తే ఎన్నిసార్లు పూతకొచ్చిందో తెలుస్తుంది. గుత్తిలో అడుగున ఆడ పూలు, పైన మగ పూలు. ఆడవి ముందు విచ్చుకుంటాయి, వారం పది రోజులకు మగవి. అందుకే ఒక మొక్క పుప్పొడి ఇంకో మొక్కకు పడటమే ఎక్కువ, గింజ నుంచి లేచిన మొక్క తల్లిని పోలదు. గింజలు కొత్త రకాలు తీసే పరిశోధకులకు బంగారం, రైతుకు పనికిరావు. రైతుకు కర్రే విత్తనం.

ఇక దుంప. బంగాళదుంప నిజానికి భూమిలో పెరిగిన కాండం, దాని మీద కన్నులుంటాయి, కోసి పాతితే మొలుస్తుంది. కర్రపెండలం దుంప అచ్చంగా వేరు. ఊరిన వేరు, అంతే. కన్ను లేదు, మొలక లేదు. అడ్డంగా కోసి చూడండి. పైన కాగితంలా గోధుమరంగు పొర, దాని కింద రెండు మూడు మిల్లీమీటర్ల మందాన తెల్లటి లేదా గులాబీ రంగు తొక్క, తర్వాత పిండి కండ, నడిమధ్య దారంలా ఒక పీచు. మళ్లీ మొలవాల్సిన బాధ్యత ఈ వేరుకు లేదు. బంగాళదుంపలా తవ్వాక నిద్రపోయి నెలల తరబడి నిలవ ఉండే ఏర్పాటూ దీనికి లేదు. మొక్క నుంచి విడదీసిన గంట నుంచే పాడవడం మొదలవుతుంది.

నాటడం దగ్గరికి వద్దాం. 8 నుంచి 10 నెలల వయసున్న, ఏ తెగులూ లేని మొక్క కర్రను తీసుకోవాలి. అడుగున ముదిరి చెక్కబారిన భాగం, పైన పచ్చిగా ఉన్న మూడో వంతు తీసేసి నడిమి భాగాన్నే వాడాలి. 15 నుంచి 20 సెంటీమీటర్ల ముచ్చెలు (నాటే కర్ర ముక్కలు), ఒక్కోదానికి 10 దాకా కన్నులు, బొటనవేలంత లావు. కోత అడ్డంగా, నున్నగా పడాలి. ఏటవాలుగా కోస్తే వేర్లు ఒకవైపే గుమిగూడతాయి, అడ్డంగా కోస్తే చుట్టూ సమంగా దిగుతాయి. కత్తి మొద్దుబారి కర్ర చిట్లితే ఆ చివర కుళ్లుతుంది.

తలకిందులుగా నాటడం కొత్త కూలీలు ఎక్కువగా చేసే పొరపాటు. ముచ్చెను చేతిలోకి తీసుకుని మచ్చను చూడాలి. ఆకు రాలిన మచ్చకు పైనే కన్ను ఉంటుంది. కన్ను పైకి, మచ్చ కిందికి ఉంటే సరిగ్గా పట్టుకున్నట్టు. నిలువుగా 5 సెంటీమీటర్ల లోతున గుచ్చితే చాలు. ఇంకా లోతుకు పోతే దుంపలు అడుగున ఊరతాయి, తవ్వేటప్పుడు విరుగుతాయి.

కొమ్మలు వేసే రకాలకు 90 సెంటీమీటర్ల ఎడం అటూ ఇటూ. ఆ లెక్కన ఎకరాకు సుమారు 5,000 ముచ్చెలు. నిటారుగా పెరిగేవైతే 75 సెంటీమీటర్లు చాలు. పదిహేను రోజులకు మొలవని చోట్ల మళ్లీ గుచ్చాలి, దానికోసం కొన్ని ముచ్చెలు పక్కన నారుమడిలో ఉంచుకోవాలి. నెల దాటాక ఒక్కో మొక్కకు ఎదురెదురుగా ఉన్న రెండు పిలకలు ఉంచి మిగతావి తుంచాలి. పిలకలన్నీ వదిలేస్తే పైన ఆకు బాగానే కనిపిస్తుంది, కింద వేళ్లంత వేర్లు మిగులుతాయి.

ఎరువు సాధారణ సిఫార్సు ఎకరాకు 5 టన్నుల మాగిన పశువుల ఎరువు, 40 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం, 40 కిలోల పొటాష్. బస్తాల లెక్కలో యూరియా 87 కిలోలు, సూపర్ ఫాస్ఫేట్ 125 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 67 కిలోలు. భాస్వరం అంతా, నత్రజని పొటాష్‌లలో సగం నాటేటప్పుడు. మిగతా సగం 45 నుంచి 60 రోజుల మధ్య కలుపు తీసి మట్టి ఎగదోసేటప్పుడు. పొటాష్ దగ్గర పొదుపు చేయొద్దని గట్టిగా చెబుతాను. ఆకులో తయారైన చక్కెర వేరుకు చేరి పిండిగా మారడానికి సాయపడేది అది. పైగా నత్రజని ఎక్కువై పొటాష్ తగ్గిన చేలో దుంప చేదెక్కుతుంది. మొదటి మూడు నెలలు కలుపు లేకుండా చూస్తే ఆ తర్వాత ఆకు నీడే కలుపును అణచేస్తుంది. వర్షాధారంగా పెరుగుతుంది కానీ నీరు నిలిస్తే నాలుగు రోజుల్లో వేరు కుళ్లుతుంది. ఎర్ర గరప నేలల్లో, వాలు చేలల్లో ఇది బాగా రావడానికి కారణం ఇదే.

తెగుళ్లలో మొజాయిక్ ముఖ్యం. ఆకు మీద పసుపు, ఆకుపచ్చ మచ్చలు, తమ్మెలు మెలితిరగడం. ఇది వైరస్. తెల్లదోమ మోస్తుంది, ముచ్చెతో కూడా వస్తుంది. రెంటినీ వేరుగా గుర్తుపట్టొచ్చు. మొదటి ఆకు నుంచే మచ్చలుంటే ముచ్చెతో తెచ్చుకున్నట్టు. కింది ఆకులు శుభ్రంగా ఉండి పై ఆకుల్లోనే కనిపిస్తే చేలోకి వచ్చాక దోమ అంటించినట్టు. మొదటి రకం నష్టం ఎక్కువ, ఆ మొక్కను నెలలోపే పీకేయాలి. విత్తన కర్రకు మొక్కను ఎంచే సమయం కూడా కోత కాదు. పంట మూడు నాలుగు నెలల మీద ఆకు నిండుగా ఉన్నప్పుడే మంచి మొక్కలకు గుడ్డ పేలిక కట్టి గుర్తు పెట్టుకోవాలి. కోత నాటికి ఆకు రాలిపోతుంది, జబ్బుది ఏదో మంచిది ఏదో తెలియదు. మన వైపు మిల్లుల కోసం వేసే హెచ్-226 లాంటి పాత రకాలకు ఈ తెగులు తేలిగ్గా అంటుతుంది. తిరువనంతపురం శ్రీకార్యంలో 1963 నుంచి నడుస్తున్న కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ శ్రీ పద్మనాభ, శ్రీ రక్ష లాంటి తట్టుకునే రకాలు ఇచ్చింది.

పిండినల్లి కథ వేరు. కర్రపెండలాన్నే పట్టే జాతి ఒకటి దక్షిణ అమెరికా నుంచి 1970లలో ఆఫ్రికాకు చేరి చేలను తుడిచిపెట్టింది. మందులతో ఆగలేదు. పరాగ్వేలో దాని సహజ శత్రువైన అనాగిరస్ లోపెజీ అనే చిన్న కందిరీగను వెతికి తెచ్చి వదిలాక అదుపులోకి వచ్చింది. ఆ పనికి హాన్స్ హెరెన్‌కు 1995లో ప్రపంచ ఆహార బహుమతి దక్కింది. అదే పిండినల్లి 2020లో కేరళలో కనిపించింది, తర్వాత తమిళనాడు చేలకు పాకింది. బెనిన్ నుంచి అదే కందిరీగను తెప్పించి 2022లో సేలం ప్రాంతంలో వదలడం మొదలుపెట్టారు. చిగుళ్లు ముడుచుకుని గుత్తిలా బిగుసుకుంటే, కణుపులు దగ్గరపడితే దీన్ని అనుమానించాలి. అలాంటి చోట ఘాటైన పురుగుమందు కొడితే కందిరీగ ముందు చస్తుంది.

రకాన్ని బట్టి 7 నుంచి 10 నెలలకు కోత. కింది ఆకులు పసుపెక్కి రాలతాయి, మొదలు దగ్గర నేల పగుళ్లిస్తుంది. కోతకు ముందు ఎండ తర్వాత పెద్ద వాన పడితే ఆగడం మేలు. మొక్క కొత్త చిగురు వేయడానికి దుంపలోని పిండినే వాడుకుంటుంది, తూకం ఉంటుంది కానీ పిండి ఉండదు.

పిండి ఎంతుందో చేలోనే చూసుకోవచ్చు. కడిగి మట్టి లేకుండా చేసిన దుంపలు సరిగ్గా 5 కిలోలు తూచాలి. వాటినే వలసంచిలో వేసి, తొట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీసి మళ్లీ తూచాలి. సంచి బరువు తీసేయాలి. నీళ్లలో 500 గ్రాములు తూగితే 5ను 4.5తో భాగించాలి, 1.111 వస్తుంది. దాన్ని 158.3తో గుణించి 142 తీసేస్తే 33.9. అంటే దుంపలో ఘన పదార్థం సుమారు 34 శాతం, అందులో ఎక్కువ భాగం పిండే. నీళ్లలో 400 గ్రాములే తూగితే 30 శాతానికి దిగుతుంది. వంద గ్రాముల తేడా నాలుగు శాతం. సేలం మిల్లుల్లో పిండి శాతాన్ని పాయింట్లుగా లెక్కగట్టి ధర కట్టేది ఈ సూత్రం మీదే. రైతు తన దగ్గరే ఒకసారి తూచుకుని వెళ్తే బేరంలో నిలబడగలడు.

తవ్వాక ఒకటి రెండు రోజుల్లో దుంప లోపల నీలం, నలుపు చారలు వస్తాయి. ఇది కుళ్లు కాదు, సూక్ష్మజీవులు తర్వాత వస్తాయి. గాయం పడ్డ చోట గాలి తగిలి వేరు కణాలే తమను తాము పాడుచేసుకుంటాయి. మెడ దగ్గర విరిగిన దుంప ముందు చెడుతుంది కాబట్టి మొదలు నుంచి కాస్త కాడ ఉంచి కోయాలి. కోతకు రెండు వారాల ముందు పైకర్రను కొట్టేసి జానెడు మోడు ఉంచితే ఈ చెడటం బాగా తగ్గుతుంది. ఇంట్లో కొన్నాళ్లు ఉంచాలంటే గాయం లేని దుంపలను తడి ఇసుకలో లేదా తడి రంపపు పొట్టులో పూడ్చండి. లేదా తొక్క తీసి ముక్కలు కోసి ఫ్రీజర్లో పెట్టండి.

ఇప్పుడు విషం. కణం లోపలి సంచిలో లినమారిన్ అనే పదార్థం ఉంటుంది, దాన్ని విడగొట్టే లినమారేజ్ కణపు గోడలో ఉంటుంది. పశువు నమిలినా, కత్తి పడినా రెండూ కలుస్తాయి, సైనైడ్ పుడుతుంది. మొక్కకు ఇది రక్షణ. అన్ని భాగాల్లోనూ ఉంటుంది, ఆకులో, తొక్కలో ఎక్కువ. తీపి రకం, చేదు రకం అంటే రెండు జాతులు కావు, ఒకే జాతిలో ఎక్కువ తక్కువలు. కిలో పచ్చి దుంపలో 50 మిల్లీగ్రాముల లోపు సైనైడ్ ఉన్నదాన్ని తీపి రకంగా లెక్కిస్తారు. తీపి రకమైనా కరువు ఏడాది చేదెక్కొచ్చు. అందుకే మిల్లు కోసం వేసిన చేలో దుంప తెచ్చి కాల్చుకు తినడం మంచిది కాదు.

వండే పద్ధతి అర్థం కావాలంటే ఒక సంగతి తెలియాలి. సైనైడ్ వాయువు 26 డిగ్రీలకే ఆవిరవుతుంది, కానీ లినమారిన్ వేడికి చెక్కుచెదరదు. ఎంజైమే వేడికి ముందు చస్తుంది. మరిగే నీళ్లలో పెద్ద ముక్క వేస్తే ఎంజైము పోయి లినమారిన్ అలాగే మిగులుతుంది. కాల్చినా, నూనెలో వేయించినా అంతే. చేయాల్సింది ఇది: నిలువుగా గాటు పెట్టి పై పొరతో పాటు దాని కింది తెల్లటి లేదా గులాబీ తొక్క కూడా ఒలిచేయాలి, ఒకే పట్టీలా ఊడొస్తుంది. నడిమి పీచు తీసేయాలి. చిన్న ముక్కలు కోసి, ముక్కలకు నాలుగైదు రెట్లు చన్నీళ్లు పోసి, మూత పెట్టకుండా మెల్లగా మరిగించాలి. ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో మెత్తబడేదాకా ఉడికించి, ఆ నీళ్లూ వార్చేయాలి. పసుపు, ఉప్పు రెండోసారి వేస్తే చాలు. ఉడికించిన నీళ్లతో పులుసు కాయొద్దు. చిప్స్ వేయించాలంటే ముందు ఇలా ఉడకబెట్టి ఆరబెట్టాలి. చేదు తగిలితే అక్కడే ఆపేయండి.

తురమడం అన్నిటికన్నా మంచి పద్ధతి, ప్రతి కణం పగులుతుంది. బ్రెజిల్ ఆదివాసులు తురిమి, తిపితి అనే అల్లిన పొడవాటి బుట్టలో పెట్టి నొక్కి రసం తీసేస్తారు. నైజీరియాలో తురిమి, మూటకట్టి బరువు పెట్టి రోజుల తరబడి పులియబెట్టి, వేయించి గారీ చేస్తారు. కరువులోనో యుద్ధంలోనో ఆ రోజుల లెక్క తగ్గించిన చోట్ల కొంజో అనే జబ్బు వచ్చింది, కాళ్లు ఒక్కసారిగా బిగుసుకుపోయి మళ్లీ మామూలుకు రావు. ఎక్కువగా పిల్లలకు, స్త్రీలకు వస్తుంది. ఒంట్లో సైనైడ్‌ను విరిచేయడానికి గంధకం ఉన్న మాంసకృత్తులు కావాలి, దుంప తప్ప ఇంకేమీ దొరకని ఇంట అవి ఉండవు. కేరళలో కర్రపెండలాన్ని (అక్కడ దాని పేరు కప్ప) చేపల పులుసుతో తినడం రుచికే కాదు, ఒంటికీ సరైన జత.

మిల్లులో జరిగేదీ ఇదే పని, పెద్ద ఎత్తున. దుంప కడిగి, తొక్క తీసి, తురిమి, నీళ్లతో జల్లెడ పడితే పిప్పి పైన ఉండి పిండిపాలు కిందికి దిగుతాయి. తొట్లలో పిండి అడుగున పేరుకుంటుంది, లినమారిన్ నీళ్లతో పోతుంది. తడి పిండిని పొడి చేసి, ఊగే గుడ్డ తొట్టెలో ఆడిస్తే ఉండలు కడుతుంది. జల్లెడ పట్టి సైజులు వేరు చేసి, నూనె రాసిన వేడి పెనాల మీద వేయిస్తారు, లేదా ఆవిరి పట్టిస్తారు. అప్పుడు ఉండ పైపొర ఉడికి గట్టిపడుతుంది, లోపల పచ్చి పిండి ఉంటుంది. అందుకే పాయసంలో అంచు గాజులా మారి మధ్యలో తెల్ల చుక్క మిగిలిందంటే ఇంకా ఉడకలేదని లెక్క. నాలుగైదు కిలోల దుంపకు ఒక కిలో సగ్గుబియ్యం వస్తుంది. పూర్తిగా ఆవిరికి ఉడికినది నైలాన్ రకం, వడియాలకు బాగుంటుంది. నానబెట్టి కిచిడీ చేయాలంటే వేయించిన మామూలు రకమే పొడిపొడిగా వస్తుంది. కొనేటప్పుడు కళ్లు జిగేల్మనే తెలుపు వద్దు. మంచి పిండి మబ్బు తెలుపులో ఉంటుంది. పసిపిల్లలకు సగ్గుబియ్యం జావ పెడుతున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి, అది దాదాపు మొత్తం పిండే, మాంసకృత్తులు లేనట్టే. పాలో, పెసరపప్పో కలపాల్సిందే.

ఆకులో మాంసకృత్తులు బాగా ఉంటాయి. కాంగోలో లేత ఆకును రోట్లో బాగా దంచి, గంటల తరబడి ఉడికించి కూరగా తింటారు. దంచకుండా ఉడికిస్తే విషం మిగులుతుంది. పచ్చి ఆకును మేకలకు, గేదెలకు వేయకూడదు. తోక పట్టుకుని లాగినట్టు నడక తడబడి, ఊపిరి ఎగపోసిందంటే నిమిషాల్లో పశువైద్యుడు కావాలి. సోడియం థయోసల్ఫేట్ సూది పని చేస్తుంది, ఆలస్యమైతే చేయదు. మేపాలనుకుంటే ఆకును సన్నగా నరికి రెండు మూడు రోజులు పల్చగా ఎండబెట్టండి, లేదా పాతర వేయండి. తొక్కల సంగతీ అంతే, కుప్పగా పోస్తే ఆరవు.

కోత అయ్యాక మంచి కర్రలను పొడవుగానే ఉంచి, చెట్టు నీడలో, గాలి ఆడేచోట, మొదలు నేలకు ఆనేలా నిలబెట్టాలి. పడుకోబెట్టి కుప్ప వేస్తే అడుగువి బూజుపడతాయి, ఎండలో వదిలితే పాలు ఇంకిపోతాయి. నాటే రోజున గోటితో బెరడు గీరి చూడండి. వెంటనే పాలు ఊరితే ఆ కర్ర బతికున్నట్టు. ఊరకపోతే దాన్ని పొయ్యిలోకి పంపండి.